పద్నాలుగో రోజును నమ్ముకుని ఏడాదిన్నర పోయింది: నెల లెక్క రాసుకోవడం, కారణం వెతుక్కోవడం

మొన్న చెన్నై నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పెళ్లయి మూడేళ్లు. "అక్కా, నెలసరి యాప్‌లో పచ్చ చుక్క వచ్చిన రోజులన్నీ చూసుకుంటూనే ఉన్నాం, అయినా కడుపు నిలవట్లేదు" అంది. నీకు నెల ఎన్ని రోజులకొస్తుందే అని అడిగితే "కరెక్టుగా తెలీదక్కా, ముప్పై పైనే" అంది. అచ్చం మా కథే. ఫోన్లో గంటసేపు చెప్పినా సగం మర్చిపోతుందని కూర్చుని రాస్తున్నా.

నాది ప్రొద్దుటూరు, మా ఆయనది మదనపల్లె. బెంగళూరులో మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఉంటాం. నేను ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను, డాక్టర్ని కాను. మాకిప్పుడు రెండేళ్ల పాప. అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపే ఐవీఎఫ్ దాకా వెళ్లకుండానే పుట్టింది. నేను చేసినట్టే చేస్తే అందరికీ పుడతారని మాత్రం అనను, అలా అనేవాళ్ల మాట నమ్మొద్దు కూడా. నాకు తెలిసిందల్లా, పిల్లలు ఎందుకు నిలవట్లేదో దాని పేరు చెప్పకుండా మొదలుపెట్టే వైద్యం గుడ్డి లెక్క. ఆ పేరు బయటపడాలంటే ముందు మన నెల మనకు తెలియాలి.

ముందు ఆ పద్నాలుగో రోజు సంగతి. నేను వాడిన యాప్ అందరికీ 28 రోజుల నెల అనుకుని 14వ రోజు అండం విడుదలని చూపించేది. నాకేమో 36, 38 రోజులకు వచ్చేది. అండం విడుదలయ్యాక మళ్లీ బయట చేరేదాకా ఉండే రోజులు ఒక మనిషికి పెద్దగా మారవు, చాలామందికి 12 నుంచి 14. సాగేదీ కుదించుకునేదీ నెల మొదటి సగమే. జపాన్‌లో ఓగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టర్లు 1920ల్లోనే కనిపెట్టిన సంగతి ఇది. అంటే 36 రోజుల నెలలో అండం వచ్చేది 14న కాదు, 22 ప్రాంతంలో. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు మాత్రం లోపల 5 రోజుల దాకా బతకగలవు. రెండూ కలిపితే నెలకు పనికొచ్చేవి ఓ 6 రోజులు, మాకైతే 17 నుంచి 22. మేం 12 నుంచి 16 దాకా బుద్ధిగా ఉండి, "ఇంక ఈ నెల పనైపోయింది" అనుకుని పదిహేడో రోజు నుంచి ఎవరి షిఫ్టుల్లో వాళ్లం పడేవాళ్లం. ఒక్క రోజు తేడాతో ఏడాదిన్నర!

నోట్‌బుక్

యాప్ వద్దనను. కానీ మొదటి మూడు నెలలు పెన్నుతో రాయండి. యాప్ తన ఊహను మీ నిజంతో కలిపేసి చూపిస్తుంది, ఏది ఏదో తర్వాత తెలీదు. గీతలున్న పొడుగు నోట్‌బుక్ చాలు. రోజుకో గీత. రోజు నంబరు, తెల్లబట్ట ఎలా ఉంది, పొద్దుటి ఒంటి వేడి, కలిసిన రోజు. చివర్న కాస్త చోటు, జలుబు చేసిందనో, ప్రయాణమనో, రాత్రి నిద్ర లేదనో రాసుకోడానికి.

1వ రోజు అంటే లోబట్టల మీద గోధుమ రంగు చుక్క కనపడ్డ రోజు కాదు. ప్యాడ్ తప్పనిసరయ్యేంత ఎర్రగా మొదలైన రోజు. ఇది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. డాక్టరు "2వ రోజు రక్తం ఇవ్వండి" అన్నా, అండం నడిచే ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే టెస్టుకు రమ్మన్నా ఈ లెక్కమీదే.

ఇక తెల్లబట్ట. మన ఇళ్లలో ఈ మాట వినపడగానే ఒంట్లో వేడి చేసిందంటారు. మా అమ్మ నాకు పదో తరగతి నుంచీ సబ్జా గింజల నీళ్లు తాగించింది. పాపం, అది రోగం కాదనీ, నెలలో కొన్ని రోజులు అలా రావడమే ఆరోగ్యమనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. నెలసరి ఆగాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత మైదా జిగురులా అంటుకుంటుంది. ఆ తర్వాత మీగడలా. అండం దగ్గరపడే కొద్దీ పల్చబడి, గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. శాకాహారులైతే కలబంద మట్ట చీరితే కారే జిగురును గుర్తు తెచ్చుకోండి. రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా విడదీస్తే తెగకుండా దారంలా వస్తుంది. బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు తుడుచుకుంటే జర్రున జారే భావన, కళ్లతో చూసేదానికన్నా అదే ముఖ్యం. ఆ జారుడు కనిపించిన చివరి రోజును ముఖ్యమైన రోజుగా సున్నా చుట్టండి. ఆ చివరి రోజు దాటిందని మర్నాడు గాని తెలీదు, కంగారు పడొద్దు. అండం ఆ రోజుకు కాస్త అటూ ఇటూగా విడుదలవుతుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కు చెందిన బిల్లింగ్స్ దంపతులు, ఇద్దరూ డాక్టర్లే, ఈ పద్ధతిని 1950ల నుంచి తయారుచేసుకుంటూ వచ్చారు. ఖర్చు సున్నా.

దురద, మంట, చెడు వాసన, పెరుగు ముక్కల్లా పడటం, పచ్చగా రావడం, ఇవి నోట్‌బుక్కులో రాసుకుని ఊరుకునేవి కావు. ఇన్ఫెక్షన్, చూపించుకోవాలి. జలుబు మాత్రలు కొన్ని ఈ తడిని కూడా ఆరబెట్టేస్తాయి. అండం కోసం ఇచ్చే క్లోమిఫిన్ కూడా కొందరికి ఆరబెడుతుంది, అందుకే ఏ మాత్ర వేసుకున్నా పక్కన రాయండి.

ఒంటి వేడి చూసుకోవడమే మా ఇంట్లో పెద్ద నాటకమైంది. మామూలు జ్వరం థర్మామీటర్ పనికిరాదు, చుక్క తర్వాత రెండు అంకెలు చూపించేది కావాలి. ఆన్‌లైన్‌లో నాకు 400 లోపే దొరికింది. పొద్దున 5:40కి అలారం. కళ్లు తెరవకముందే దిండు కింద చెయ్యి పెట్టి తీసి నాలుక కింద పెట్టుకోవాలి. లేవకూడదు, మాట్లాడకూడదు, గుక్క నీళ్లు కూడా తాగకూడదు. రోజూ అదే వేళకు, అంతకు ముందు కనీసం 3 గంటలు ఆగకుండా నిద్రపోయి ఉండాలి. నిమిషానికి బీప్ అంటుంది. 97.21. చీకట్లోనే ఫోన్ వెలుతురుకు రాసుకుని మళ్లీ పడుకునేదాన్ని.

హాల్లో పడుకునే మా అత్తకు మూడో రోజుకల్లా ఆ చప్పుడు పట్టుబడింది. "ఏమ్మా, జరమా? రోజూ కీ కీ మంటాంది" అంది. "ఏం ల్యా అత్తా" అని దాటేశాను. వారం తర్వాత దాపరికమెందుకని చెప్పేశా. "మా కాలంలో ఇవన్నీ యాడుండె" అంది గానీ, మర్నాటి నుంచి కాఫీ గ్లాసు చేతికిస్తూ "ఈ పొద్దు ఎంత?" అని అడగడం మొదలుపెట్టింది. 97.24 అంటే పెదవి విరిచేది. ఒకరోజు 97.80 అని చెప్తే ముఖం వెలిగిపోయింది, "అయితే ఇంక చూసుకోండి" అని ఆ పూట మా ఆయన్ని ఆఫీసుకు పోవద్దంది. నవ్వాపుకోలేక "పెరిగిందంటే అప్పటికే అయిపోయినట్టత్తా" అన్నాను.

అందరూ తడబడేది ఇక్కడే. అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే హార్మోను వల్ల ఒంటి వేడి అర డిగ్రీ ఫారన్‌హీట్ అటూ ఇటూగా పెరిగి, మళ్లీ నెలసరి దాకా అలానే ఉంటుంది. కాబట్టి వేడి జరిగిపోయినదాన్ని చెబుతుంది, రాబోయేదాన్ని చెప్పేది తెల్లబట్ట. ఒక్క రోజు పెరిగితే నమ్మొద్దు, అది జ్వరమో దోమల గోలో అయి ఉండొచ్చు. అంతకుముందు 6 రోజుల్లో ఏ రోజూ లేనంత ఎత్తులో వరసగా 3 రోజులు నిలబడితే అండం విడుదలైనట్టు లెక్క. ఆ ఎత్తు 18 రోజులు దాటినా దిగకపోతే ప్రెగ్నెన్సీ కిట్టు కొనుక్కోండి. రాత్రి షిఫ్టులు మారుతుండేవాళ్లకు ఈ వేడి లెక్క తేలదు, తెల్లబట్టనే నమ్ముకోండి.

మూత్రంతో చూసే ఓవ్యులేషన్ కిట్లు మూడో సాక్ష్యం. అండాన్ని విడుదల చేయించే హార్మోను ఎల్‌హెచ్. అది ఎగిసిన గీత కనిపించాక సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం వస్తుంది. నెల సాగేవాళ్లకు పాతిక స్ట్రిప్పులు ఖర్చవుతాయి కాబట్టి జారుడు మొదలయ్యాకే వాడండి. హార్మోన్లు గాడి తప్పి అండం సరిగా విడుదల కాని పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఈ గీత ఉత్తుత్తిగా కూడా వస్తుంటుంది.

రోజూ కలవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఆ ఆరేడు రోజుల్లో రోజు విడిచి రోజు చాలు. తర్వాత నడుం కింద దిండు పెట్టుకుని అరగంట పడుకోవడం, కాళ్లు గోడకు ఆనించడం వంటివాటికి ఆధారమేమీ లేదు. కొన్ని జెల్లులు మాత్రం వీర్యకణాల కదలికను దెబ్బతీస్తాయి, అవి మానండి.

మొదటి క్లినిక్కులో జరిగింది

ఊరూ పేరూ వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గాజు అద్దాల భవనం, గోడనిండా నవ్వే పాపల ఫోటోలు. నేను నోట్‌బుక్ మొదలుపెట్టకముందు సంగతి. 21వ రోజు రక్తం తీసుకున్నారు, ప్రొజెస్టరాన్ 0.6 వచ్చింది. "మీకు అండం విడుదలే కావట్లేదు" అన్నారు. పావుగంటలో ఇంకో గదిలో కూర్చోబెట్టి ఐవీఎఫ్‌కు 1,85,000 అని కాగితం చేతిలో పెట్టారు, మందులు విడిగా. మా ఆయనకు ఒక్క పరీక్ష కూడా రాయలేదు. ఆయన "ఇఎమ్ఐ ఉందా" అని అడిగాడు, అంత భయపడ్డాం.

ఆ పరీక్ష చేయాల్సింది 21వ రోజు కాదు, అండం విడుదలైన 7 రోజులకు. 28 రోజుల నెలవాళ్లకు అది 21న పడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. నాకు 21న అండమే రాలేదు ఇంకా! మూడు నెలలు రాసిన నోట్‌బుక్కుతో ఇంకో డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. చిన్న నర్సింగ్‌హోమ్, పెద్దావిడ. పేజీలు తిప్పి, "23న సున్నా చుట్టావు, 30న రా" అన్నారు. ఈసారి 9.4. ఆ అంకె 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. అమెరికాలో ఒమాహాకు చెందిన థామస్ హిల్గర్స్ అనే డాక్టరు ఇలా రాసుకున్న చార్టు మీదే పరీక్షలకూ చికిత్సకూ రోజులు పెట్టే పద్ధతిని తయారుచేశారని తర్వాత తెలిసింది.

చార్టులో ఆవిడ ఇంకో రెండు చూశారు. నెల సాగుతోంది, వేడి పెరిగాక కొన్నిసార్లు 9 రోజులకే మళ్లీ బయట చేరుతున్నాను. "థైరాయిడ్ చూపించుకున్నావా?" అన్నారు. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే అంకె 8.2 వచ్చింది. నిద్ర చాలకపోవడం, జుట్టు రాలడం, మలబద్ధకం, అన్నిటినీ బెంగళూరు చలికీ బోరు నీళ్లకూ అంటగట్టుకుని తిరుగుతున్నాను నేను. 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. దాన్ని పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు మధ్య 4 గంటలు ఎడం ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు మింగేవాళ్లు రక్తం ఇచ్చే ముందు డాక్టరుకు చెప్పండి, అవి ఈ పరీక్ష అంకెల్ని తారుమారు చేస్తాయి. నాలుగు నెలలకు నాది 2.1కి దిగింది. నెల 31 రోజులకు వచ్చింది, చివరి సగం 12 రోజులకు పెరిగింది. అదంతా నోట్‌బుక్కులో కనపడుతుంటే, జీతాల లెక్క పైసాతో సహా సరిపోయినప్పుడు కలిగే తృప్తి లాంటిదే కలిగింది.

మగవాళ్ల పరీక్ష ముందు

పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. అయినా ఏళ్ల తరబడి సూదులు పడేది ఆడవాళ్లకే. అన్నింటికన్నా చవకైనది, నొప్పి లేనిది వీర్యపరీక్ష. మొదట అదే చేయించండి. 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి. ల్యాబు బాత్రూమ్‌లో కుదరదని ఇంటి నుంచి తెచ్చేవాళ్లు గంటలోపు, ఒంటి వేడి తగ్గకుండా చేర్చాలి.

గంటలోపు అన్నవాళ్లకు కుందలహళ్లి గేటు ట్రాఫిక్ తెలిసి ఉండదు. మా ఆయన డబ్బా మూత బిగించి, చొక్కా లోపల ఛాతీకి ఆనించుకుని, పైనుంచి చేత్తో గట్టిగా పట్టుకుని ఆటోలో కూర్చున్నాడు. సిగ్నల్ దగ్గర డ్రైవరు అద్దంలో చూసి "యాకె సార్, ఎదె నోవా?" అన్నాడట, ఛాతీ నొప్పా అని. ఈయన అవునన్నాడు. ఆ తర్వాత ఆటో ఫుట్‌పాత్ మీద నుంచి కూడా పోయింది. 47 నిమిషాల్లో చేరాం. డ్రైవరు మాత్రం ఆసుపత్రి ముందు ఆపి, ల్యాబులోకి పోతున్న మనిషిని అయోమయంగా చూస్తూ నిలబడ్డాడు.

కౌంట్ మిల్లీలీటరుకు 40 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకంలో కింది హద్దు 1 కోటి 60 లక్షలు, కదిలేవి 42 శాతం ఉండాలి. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. యూరాలజిస్టు మొదట అడిగిందే "జిమ్‌కు పోతావా?" అని. పోతాడు. కండ కోసం అక్కడి ట్రైనర్ వారం వారం ఏదో ఇంజక్షను ఇచ్చేవాడు, నాకే చెప్పలేదు. టెస్టోస్టెరాన్! బయట నుంచి ఆ హార్మోను ఎక్కిస్తే, మెదడు "సరిపోయింది" అనుకుని వృషణాలకు ఇచ్చే ఆదేశం ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. మగతనం పెంచుతుందని పొడిపించుకునే మందే పిల్లలు పుట్టకుండా అడ్డుపడుతుంది. మందు మాన్పించారు. ఒక వీర్యకణం తయారవ్వడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఏ మార్పైనా మూడు నెలలు గడవకముందు రిపోర్టులో కనపడదు. ఆయనకు ఐదు నెలలకు కోటీ 20 లక్షలు, తొమ్మిది నెలలకు 3 కోట్లు దాటింది. ఆ తొమ్మిది నెలల్లో ఇంట్లో ఎన్ని గొడవలయ్యాయో ఇక్కడ రాయను. ఒక్క రిపోర్టు బాగాలేదని కుంగిపోకండి, జ్వరం వచ్చిన తర్వాత కూడా కౌంట్ పడిపోతుంది, రెండోసారి చేయించాలి. బీజాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వేరికోసీల్, సిగరెట్లు, గుట్కా, ఒళ్లో గంటల తరబడి వేడెక్కే లాప్‌టాప్, ఇవన్నీ డాక్టరు అడుగుతారు, దాచొద్దు.

మాకు లేనివాటి గురించి నాకు తెలిసింది కొంచెమే. పీసీఓఎస్ ఉండి బరువెక్కువైనవాళ్లకు ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందికి అండం విడుదల మొదలవుతుంది. మందు అవసరమైతే ఇప్పుడు ముందు ఇచ్చేది లెట్రొజోల్. నెలసరికి విలవిల్లాడేంత నొప్పి, కలిసినప్పుడు లోపల నొప్పి ఉంటే, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనుమానించాలి, "పిల్లలు పుడితే పోతుందిలే" అనే మాట వినకండి. ట్యూబుల దారి చూసే హెచ్‌ఎస్‌జీ పరీక్ష రక్తం ఆగాక, అండం రాకముందు చేస్తారు, నొప్పి మాత్ర ముందే అడగండి. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి గర్భసంచి టీబీ ఒక ముఖ్య కారణం, దగ్గూ జ్వరం ఏమీ లేకుండానే ఉండొచ్చు. దాన్ని లోపలి పొర ముక్క తీసి చూస్తారు. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ అని తేల్చే పరీక్షల్ని కేంద్రం 2012లోనే నిషేధించింది, ఎవరైనా అలా తేలిస్తే రెండో డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఏఎంహెచ్ తక్కువని భయపెడితే, అది మిగిలిన అండాల సంఖ్యకు అంచనా మాత్రమేనని, నాణ్యత చెప్పదని గుర్తుంచుకోండి.

నోట్‌బుక్ పట్టుకుని ఏళ్లు గడపమని కాదు. 35 లోపువాళ్లు ఏడాది, దాటినవాళ్లు 6 నెలలు చూసి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. నెలసరే రానివాళ్లు, కడుపులో ఆపరేషన్ అయినవాళ్లు అంత కూడా ఆగొద్దు. రెండు ట్యూబులూ మూసుకుపోతేనో, వీర్యకణాలు మరీ తక్కువైతేనో ఐవీఎఫ్ సరైన దారే, అందులో చిన్నతనమేమీ లేదు. అప్పుడు కూడా ఆ క్లినిక్, ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం చేసిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టరైందో లేదో అడగండి, నంబరు గోడమీద ఉండాలి. ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోండి. రుబెల్లా టీకా పడలేదని తేలితే వేయించుకుని నెల ఆగి మొదలుపెట్టండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మూడు నెలల పేజీల జిరాక్సు, ఇద్దరి మందుల పేర్లు, వీర్యపరీక్ష కాగితం ఒకే ఫైల్లో పెట్టుకోండి. "మా కేసులో కారణం ఏమిటనుకుంటున్నారు, ఏ పరీక్షతో తేలుతుంది?" ఈ ప్రశ్న కాగితం మీద రాసుకుని మరీ వెళ్లండి, లోపలికెళ్లాక నోరు పెగలదు.

చెల్లీ, నువ్వు వాట్సాప్‌లో పంపిన పేజీ చూశాను. 9, 10, 11 మూడు రోజులూ 97.30 అనే ఉంది. నిజం చెప్పు, మర్చిపోయి సాయంత్రం ఊహించి నింపావు కదూ? ఖాళీ వదిలేయ్. ఖాళీ ఉంటే డాక్టరుకు ఆ రోజు తెలీదు, అంతే. తప్పు అంకె ఉంటే ఆవిడ దాన్ని నమ్మి పరీక్ష తేదీ పెడతారు.